లీగ్ రెండు డివిజన్లయిన వేసవి

మొన్న మంచు కరిగి తడిసిన పీచు డోర్‌మ్యాట్ మీద కాలు పెట్టి ఆఫీసులోకి వెళ్ళబోతూ, గుప్పున వచ్చిన వాసనకి అక్కడే ఆగిపోయాను. అది కెనడాలోని విన్నిపెగ్‌లో మా చిన్నప్పటి ఆదివారాల వాసన. పార్కు మధ్య సిమెంటు పిచ్ మీద పరిచే పీచు చాప రాత్రి వానకి నానిపోయి ఉంటే, పొద్దున్నే అంకుల్స్ తలో మూలా పట్టుకుని లాగుతున్నప్పుడు ఇదే వాసన వచ్చేది. దాంతోపాటు కోసిన గడ్డి వాసన, దోమల మందు వాసన, అమ్మ స్టీలు డబ్బా మూత తీయగానే పులిహోరలోంచి లేచే ఇంగువ వాసన.

మా ఊళ్ళో ఏడాదంటే చలికాలమే, మధ్యలో ఇరుక్కున్న కాస్త వేసవి. ఉగాది పచ్చడి తినే రోజున కూడా కిటికీ బయట మోకాలి లోతు మంచు ఉండేది. నాన్న మాత్రం అప్పటికే బేస్‌మెంట్‌లో బ్యాటు తీసి, గోడకి బంతి కొట్టి, పైన అమ్మ చేత "ఇల్లు కూల్చేస్తారా ఏటి?" అనిపించుకునేవాడు. అమ్మది విజయనగరం, నాన్నది కరీంనగర్. పెళ్ళికి ముందు నాన్న కొన్నాళ్ళు ఇంగ్లండులో చదువుకున్నాడు. చలిలో జర్కిన్ వేసుకుని, సగం కూడా నిండని స్టాండులో కూర్చుని అక్కడి కౌంటీ జట్ల క్రికెట్ మ్యాచ్‌లు చూసేవాడట. ఆ పిచ్చి ఆయన్ని వదల్లేదు. మా ఊరి పనివాళ్ళు మంచు తోస్తున్న పొద్దుల్లో కూడా ఫోన్‌లో ఆ స్కోర్ల కోసమే వెతికేవాడు.

నాన్న కెప్టెన్‌గా ఉన్న జట్టులో అందరూ పిల్లల తండ్రులే, అందరికీ కాస్త పొట్టలే. లీగ్‌లో ఉన్న కొద్ది జట్లూ ఒకే పట్టికలో ఉండేవి. ఎండ ఉన్నన్నాళ్ళు ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ ఆడేది. పంజాబీ ఆంటీలు పకోడీలు తెచ్చేవాళ్ళు, ట్రినిడాడ్ నుంచి వచ్చిన తాతగారొకరు అంపైర్ కోటు జేబులోంచి చింతపండు ఉండలు తీసి మాకు పెట్టేవారు, పిల్లలం బాతుల రెట్టలు తొక్కకుండా గంతులేస్తూ బౌండరీ చుట్టూ పరిగెత్తేవాళ్ళం, రాత్రి తొమ్మిది దాటినా సూర్యుడు పోయేవాడు కాదు.

నాకు పదకొండో ఏడు వచ్చేసరికి ఊరు స్టూడెంట్లతో నిండిపోయింది. ప్రతి వారం ఎవరింటి ముందో ఒకరింటి ముందు పెద్ద పెద్ద సూట్‌కేసులు దిగేవి. మా బేస్‌మెంట్‌లోకి వరంగల్ నుంచి సాయికిరణ్ వచ్చాడు. పొద్దున కాలేజీ, సాయంత్రం వేర్‌హౌస్, మధ్యలో దొరికిన కాస్త టైములో నాకు టెన్నిస్ బంతి వేసి "మోచెయ్యి పైకి, చిన్నీ" అనేవాడు. రాత్రి భోజనం మాతోనే. వచ్చిన రెండో వేసవికే స్నేహితులతో జట్టు కట్టాడు. అలాంటి జట్లు ఊరంతా పుట్టాయి. గ్రౌండ్లు చాలలేదు, ఆదివారాలు చాలలేదు.

అప్పుడు మా హాల్లోనే మీటింగ్ పెట్టారు. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. రెండు డివిజన్లు చేద్దామన్నది నాన్నే. "కౌంటీల్లో గూడ ముందు అందరు ఒక్క పట్టికనే. తర్వాత రెండు చేసిన్రు. పైన ఓడితే కిందికి, కింద గెలిస్తే పైకి. ఇగ ఎన్ని జట్లొచ్చినా ఇబ్బంది లేదు."

"ఆటాడుకోడానికి వస్తే ఇక్కడ కూడా ఎంసెట్ ర్యాంకులేంటండీ?" అన్నాడు నాన్న జట్టులోనే ఉండే శ్రీధర్ అంకుల్. ఎవరూ నవ్వలేదు. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తారు. నాన్న చెయ్యే ముందు లేచింది.

ఆ ఏటి ఆటలన్నీ అయ్యాక పట్టికలో పై సగం మొదటి డివిజన్, కింది సగం రెండోది. ఇక ఆ వేసవంతా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. నాన్న సగం తిన్న పళ్ళెం వదిలి వాన పడుతుందేమోనని వాకిట్లోకి వెళ్ళేవాడు. కింద సాయి షిఫ్టు మార్చుకోవడానికి ఫోన్‌లో ఎవరినో బతిమాలుతుండేవాడు. నేను పైకీ కిందికీ తిరుగుతూ, పైన నాన్న గెలవాలనీ కింద సాయి గెలవాలనీ దండం పెట్టుకునేదాన్ని. చివరికి మిగిలింది ఒక్క మ్యాచ్. నాన్న జట్టుకీ సాయి జట్టుకీ మధ్య. గెలిచినవాళ్ళు పైన, ఓడినవాళ్ళు కింద.

ఇద్దరూ మా వ్యాన్‌లోనే గ్రౌండ్‌కి వెళ్ళారు. సాయికి కారు లేదు మరి.

చివరి ఓవర్ల దాకా నాన్నే నిలబడ్డాడు. ఇంకో రెండు ఫోర్లు కొడితే చాలు. బంతి సాయి చేతికిచ్చారు. ప్రెయిరీ మైదానాల గాలికి చాప అంచు ఎగురుతోంది. సాయి పరిగెత్తుకొచ్చి వేశాడు, నాన్న ముందుకొచ్చి ఆడాడు, మధ్య స్టంప్ పడిపోయింది. స్నేహితులంతా సాయి మీద పడి ఎగురుతుంటే, వాడు మాత్రం వాళ్ళలోంచి బయటపడి ఆ స్టంప్‌ని మళ్ళీ నిలబెట్టే ప్రయత్నం చేస్తున్నాడు. నాన్న వెళ్ళి వాడి భుజం తట్టాడు. "మంచి బాల్ రా."

తిరిగొచ్చేటప్పుడు నాన్నే వ్యాన్ నడిపాడు. నేను వెనక సీట్లో సాయి పక్కన కూర్చుని వాడి మోకాలి మీది గడ్డి మరక చూస్తున్నాను. ముందు సీట్లోంచి అమ్మ అడిగింది, "సాయీ, చపాతీలు చేసీనా, అన్నం వండీనా?"

"ఆకలిగ లేదాంటీ."

నాన్న అద్దంలోంచి చూశాడు. "గెలిచినోడే తినకపోతే ఓడినోడెట్ల తింటడు? తిను."

ఆ రాత్రి అందరం తిన్నాం.

తర్వాతి వేసవి మొదటి డివిజన్‌కి నది పక్కనున్న పెద్ద గ్రౌండ్‌లో శనివారాలిచ్చారు, రెండో డివిజన్‌కి ఊరవతల ఆదివారాలు. శనివారం నాన్నకి డ్యూటీ, ఆదివారం సాయికి షిఫ్టు. ఒక ఇంట్లో ఉండి ఒకరి ఆట ఒకరు చూడలేకపోయారు. పకోడీల ఆంటీలు శనివారం వైపు, అంపైర్ తాతగారూ శనివారం వైపే. నేను ప్రతి వారం "ఈసారి ఎవరితో?" అని అడిగి, మళ్ళీ అదే నాలుగు జట్ల పేర్లు విని, వ్యానెక్కనని మొండికేసేదాన్ని. శరదృతువులో సాయి పెద్ద గ్రౌండ్ దగ్గరున్న తన జట్టువాళ్ళ ఇంటికి మారాడు. శాశ్వత నివాసానికి పీఆర్ వచ్చాక దూరంగా కాల్గరీ వెళ్ళిపోయాడు. అంకుల్స్ మోకాళ్ళు అరిగాయి, మా స్విమ్మింగ్ క్లాసులు పెరిగాయి, ఒక వసంతంలో జట్టు పేరు ఎవరూ రిజిస్టర్ చేయలేదు. శ్రీధర్ అంకుల్ "నేనప్పుడే అన్నాను, చూశారా" అనలేదు. నాన్న కూడా తప్పు చేశాననలేదు. న్యాయంగానే జరిగింది కదా అనేవాడు. "న్యాయమే," అనేది అమ్మ, అంతకుమించి ఏమీ అనేది కాదు.

పోయిన వేసవి నాన్నని పెద్ద గ్రౌండ్‌కి తీసుకెళ్ళాను. ఇప్పుడు నాలుగు డివిజన్లున్నాయి. పీచు చాపల్లేవు, పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచారు. పులిహోర డబ్బాల్లేవు, పిజ్జా డెలివరీ వస్తోంది. నాన్నని గుర్తుపట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ప్యాడ్లు కట్టుకుని వంతు కోసం కూర్చున్న కుర్రాడొకడు, మా తెలుగు విని పక్కకి జరిగి చోటిచ్చాడు.

"మీరూ ఆడేవాళ్ళా అంకుల్? ఏ డివిజన్?"

"మేం మొదలువెట్టినప్పుడు డివిజన్లు లేవు బాబూ."

వాడికి అర్థం కాలేదు. "మరి ఎవరు ఎవరితో ఆడేవాళ్ళు?"

నాన్న గ్రౌండ్ మొత్తం చూపిస్తూ చెయ్యి తిప్పాడు.

"అందరం అందరితోని."