ఫోల్డర్ మీద పేరు

నాకు కోపం తొందరగా వస్తుంది. మా ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకునే విషయం ఇదొక్కటే. కానీ ఆ ఏడాది నోయిడా ఆఫీసులో నాకొచ్చిన కోపానికి నా స్వభావాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఎవరికైనా వస్తుంది. రానివాళ్లెవరైనా ఉంటే మా మేనేజర్‌ని ఒక వారం వాళ్ల దగ్గరికి పంపిస్తాను, ఉంచుకోమనండి.

మా కంపెనీ మాల్స్‌లో పార్కింగ్ గేట్లకు సాఫ్ట్‌వేర్ రాసేది. కారు రాగానే కెమెరా నంబరు చదవాలి, గేటు లేవాలి. అంతకు మించి ఏమీ లేదు. ప్రోగ్రాం మధ్యలో కుప్పకూలితే మాత్రం గేటు లేవదు, వెనక హారన్లు మొదలవుతాయి. ఢిల్లీ వాళ్ల హారన్ల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? అలా కూలినప్పుడు ఆఖరి క్షణంలో ప్రోగ్రాం ఏం చేస్తూ ఉందో ఒక ఫైలులో మిగులుతుంది. దాన్ని తెచ్చుకుని డీబగ్గర్ అనే పనిముట్టులో తెరుస్తాం. కోడ్‌లో ఏ ఫైలులో, ఏ లైను దగ్గర కూలిందో అది చూపిస్తుంది.

దానికేదో దివ్యదృష్టి ఉండి చూపిస్తుందనుకుంటారు జనం. తంటా అంతా ఇక్కడే. మేము రాసిన కోడ్‌ని కంపైల్ చేసి, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి, గేటు దగ్గరి పెట్టెలోకి పంపుతాం. ఆ పెట్టెలో మా కోడ్ ఉండదు. కంపైల్ చేసిన రోజున ఆ కోడ్ ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ చిరునామా మాత్రం ప్రోగ్రాంతో పాటు వెళుతుంది. తర్వాత డీబగ్గర్ ఆ చిరునామా పట్టుకుని మన కంప్యూటర్‌లో వెతుకుతుంది. ఫైలు అక్కడుంటే తెరిచి లైను చూపిస్తుంది. లేకపోతే చిరునామా మొత్తం అప్పజెప్పి, అలాంటి ఫైలేదీ లేదంటుంది. ఆ చోటు బదులు ఫలానా చోట చూడు అని ఒక్క ముక్క చెబితే బుద్ధిగా వెళ్లి చూస్తుంది. ఆ ఒక్క ముక్క చెప్పే ఓపిక మా టీములో ఎవరికీ లేదు.

కంపైల్ చేసే పని మా టీములో ఒక అమ్మాయి నెత్తిన పడింది. దానికోసం విడిగా ఒక సర్వర్ కొంటామని పైవాళ్లు నేను చేరిన రోజు నుంచీ అంటూనే ఉన్నారు. ఈలోపు ఆ అమ్మాయి కంప్యూటర్‌లో మాత్రం ఏ పేచీ లేకుండా అన్నీ కుదిరాయి. ఇంకేం, ఎవరు ఏది రాసినా "యార్, తూ హీ కర్ దే" అంటూ, నువ్వే చేసెయ్యమని ఆమెకు పడేసి టీకి వెళ్లిపోయేవారు. దాంతో గేట్లలోకి వెళ్లే ప్రతి ప్రోగ్రాంలోనూ ఆమె ఫోల్డర్ చిరునామానే ఉండేది. ఆ ఫోల్డర్ పేరు ఆమె పేరే. ఉద్యోగంలో చేరిన రోజున ఐటీ వాళ్లు అందరికీ అలాగే పెడతారు.

ఆమె పుట్టి పెరిగింది ఢిల్లీ జనక్‌పురిలో. తల్లి గుంటూరు వైపు నుంచి నర్సుగా వచ్చి ఇక్కడే స్థిరపడింది. ఆమె తెలుగు అచ్చం తల్లి తెలుగే, కాకపోతే మధ్యమధ్యలో హిందీ దొర్లుతుంది. నాది వరంగల్. ఆఫీసులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే కాబట్టి నన్ను అక్కా అనేది. నాకూ అది బాగుండేది.

ఒకరోజు ఘజియాబాద్‌లో ఒక మాల్ గేటు మొరాయించింది. మీటింగ్‌లో మేనేజర్ డీబగ్గర్ తెరను గోడ మీద పెద్దగా వేశాడు. పై వరుసలో ఆమె ఫోల్డర్, కింద 'అలాంటి ఫైలు లేదు' అన్న మాట. ఆయన రెంటినీ కలిపి ఒక కథ అల్లాడు. తప్పు ఆమె ఫైలులో ఉందట. పైగా ఆ ఫైలు మాయమైందట. "నామ్ దేఖో, కిస్ కా హై?" అని, అది ఎవరి పేరో చూపుడు వేలితో చూపిస్తూ అందరిచేతా చదివించాడు. ఆమె ఏదో చెప్పబోయి ఊరుకుంది.

నేను ఊరుకోలేదు. అది రాసినవాళ్ల పేరు కాదు సార్, కంపైల్ చేసిన చోటు పేరు అన్నాను. "అచ్ఛా" అన్నాడు. మిఠాయి డబ్బా మీద కొట్టు పేరున్నంత మాత్రాన పాలు కొట్టువాడి గేదె ఇచ్చినట్టు కాదు కదా అన్నాను. ఇప్పుడు మిఠాయి గొడవ ఎందుకన్నాడు. ఆయనా ఇంజనీరింగ్ చదివినవాడే. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఆ తర్వాత ఏ గేటు పడినా మీటింగ్‌లో ఆమె పేరే వినిపించేది. కొన్ని వారాలకు ఒక ఆదివారం చర్చి నుంచి ఆమె, ఇంటి నుంచి నేను, అశోకా రోడ్‌లో తెలుగు భోజనం దొరికే క్యాంటీన్‌లో కలిశాం. ఎప్పుడూ గోంగూర కోసం మారు అడిగే పిల్ల, అన్నంలో వేళ్లు పెట్టి కూర్చుంది.

"ఏంది పిల్లా, తింటలేవు?" అన్నాను.

"హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది అక్కా. మూడు నెలలు నా పని చూస్తారంట. బాగాలేకపోతే తీసేస్తారంట."

"ఎందుకంట?"

"గేట్లు పడిపోయేదంతా నా కోడ్ వల్లేనంట. మమ్మీకింకా చెప్పలేదు. డ్యూటీ దిగి అలసిపోయి వస్తుంది, ఏమని చెప్పను?" వేళ్లతో అన్నం కెలుకుతూ మళ్లీ అంది. "రోజూ నా పేరే కనపడుతుంటే నాకే డౌట్ వస్తోందక్కా. షాయద్ నేనే ఏదో చేశానేమో. నేను రాసిందంతా మళ్లీ మొదటినుంచీ చదువుతున్నా."

ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది, గురుగ్రాం నిండా ఆఫీసులే. తన పని మీద తనకున్న నమ్మకాన్ని కూడా ఊడబెరుకుతున్నారే అనిపించింది. "నువ్వేం చెయ్యలే. ముందుగాల అన్నం తిను" అని కసిరాను. పాపం, తిన్నది.

సోమవారం మేనేజర్ ఇంకో ఘనకార్యం చేసుకొచ్చాడు. ఫైలు లేదంటోంది కదా అని తన లాప్‌టాప్‌లో ఆమె పేరుతో ఒక ఫోల్డర్ సృష్టించి, అందులో అదే పేరున్న ఫైలు, ఎప్పటిదో ఆమె పాత కోడ్, తెచ్చి పెట్టాడు. డీబగ్గర్ చిరునామా చూసుకుంది, ఫైలు ఉంది, తెరిచింది. అది ఇప్పటి కోడా, పాతదా అని ఆరా తియ్యలేదు. లైను నంబరు లెక్కపెట్టి బాణం గుర్తు పెట్టేసింది. ఆ బాణం వెళ్లి ఆమె ఎన్నడో రాసుకున్న 'ఇది తర్వాత సరిచెయ్యాలి' అనే కామెంట్ మీద నిలబడింది. ఇంక చూడండి ఆయన సంబరం!

"తప్పుందని తనే రాసుకుంది!" అన్నాడు.

"సార్, కామెంట్ మనుషుల కోసం రాసుకునేది. కంప్యూటర్ దాన్ని అమలు చెయ్యదు. అమలు చెయ్యని లైను దగ్గర ప్రోగ్రాం ఎలా కూలుతుంది?"

"అయితే బాణం అబద్ధం చెబుతోందా?"

"మీరు దాని ముందు వేరే కాగితం పెట్టారు సార్" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది. గాజు తలుపు బయట ఎవరో వెనక్కి తిరిగి చూశారు.

ఇక చెప్పి లాభం లేదని అర్థమైంది. ఆమె కంప్యూటర్‌లోనే తెరిచి అసలు ఫైలు చూపించినా, పైన ఆమె పేరే ఉంది కదా అంటాడు. ఒకసారి ఆయన లాప్‌టాప్ మీదే కంపైల్ చేసి చూద్దామని అడిగితే, ఆమె తప్పు ఇంకా గట్టిగా తేలుతుందనుకున్నాడేమో, సంతోషంగా ఇచ్చాడు. ఆమె కంప్యూటర్‌లో ఉన్న ఏర్పాట్లన్నీ అందులో పెట్టి, ఇప్పటి కోడ్ కంపైల్ చేసి, బేస్‌మెంట్‌లో పరీక్షల కోసం ఉంచిన గేటులోకి ఎక్కించాను. ఘజియాబాద్‌లో పడినట్టే అది ఇక్కడా పడింది. మీటింగ్‌లో ఆయన లాప్‌టాప్‌నే గోడకు కలిపి డీబగ్గర్ తెరిచాను. ఫోల్డర్ ఉన్నచోటే ఉంది కాబట్టి ఫైలు వెంటనే తెరుచుకుంది. గేటు కెమెరాతో పాటు బయటినుంచి కొన్న కోడ్ అది. ఆమె పాత ఫైలు స్థానంలో అదే పేరుతో వచ్చి కూర్చుంది, మా వాళ్లెవరూ రాసింది కాదు. పై వరుసలో మాత్రం మా మేనేజర్ పేరు వెలుగుతోంది.

"మేరా నామ్ క్యోం ఆ రహా హై?" అన్నాడు, తన పేరెందుకు వచ్చిందో అర్థంకాక.

"కంపైల్ చేసింది మీ లాప్‌టాప్‌లో సార్."

"కానీ ఇందులో నేను ఒక్క అక్షరం కూడా రాయలేదు!"

"జీ సర్" అన్నాను.

వారాల తరబడి బుర్రకెక్కనిది అప్పుడు చిటికెలో ఎక్కింది. ఆ పూటే హుకుం జారీ అయింది. ఇకపై ఏ ప్రోగ్రాంలోనూ ఏ మనిషి పేరూ కనిపించకూడదు. ఏళ్లుగా రాని సర్వర్‌కు కూడా సాయంత్రంలోగా అనుమతి వచ్చేసింది. హెచ్‌ఆర్‌కి ఒక మాట చెప్పి ఆమె సంగతి మెల్లగా మూసేస్తానన్నాడు. గెలిచామనుకుని ఆమె బల్ల దగ్గరికి వెళ్లి చెప్పాను.

ఆమె ముఖంలో ఏ వెలుగూ రాలేదు. "నా పేరు తీసేశారు అక్కా, ఠీక్ హై. నేను చెయ్యలేదని మాత్రం ఎవరూ అనలేదు కదా?"

నిజమే. నాకు తట్టనే లేదు. తిరిగి ఆయన గదికి వెళ్లాను. అందరూ చూశారు కదా, మళ్లీ దాన్ని లాగడం ఎందుకన్నాడు. అందరి ముందు అన్నారు కాబట్టి అందరి ముందే కాదని చెప్పాలన్నాను. చెప్పేదాకా ప్రతి మీటింగ్‌లోనూ ఇదే అడుగుతానన్నాను. నేను అడుగుతానని ఆయనకు తెలుసు.

తర్వాతి మీటింగ్ అయిపోయి అందరూ కుర్చీలు వెనక్కి జరుపుతుండగా, లాప్‌టాప్ మూత మీద చూపు పెట్టి, గేట్ల విషయంలో ఆ అమ్మాయి తప్పేమీ లేదు, హెచ్‌ఆర్ మెయిల్ వెనక్కి తీసుకుంటున్నాం అని గబగబా ఒక మాట అనేశాడు. ఆమె ఆయన పక్క కుర్చీలోనే ఉంది.

"సర్, ఆవాజ్ నహీ ఆయీ" అంది ఆమె, తనకు వినపడలేదని. "ఏక్ బార్ ఫిర్ బోలియే."

జరుగుతున్న కుర్చీలు ఆగాయి. ఆయన తలెత్తి, ఆమె పేరుతో సహా మొత్తం మళ్లీ చెప్పాడు.