ఏటమ్మా, తిన్నావా?

హౌరా వెళ్లే బస్సులో నా వెనక సీటు నుంచి ఎవరో "ఏటమ్మా, తిన్నావా?" అన్నారు. అమ్మ పోయాక కలకత్తాలో నన్ను ఆ మాట అడిగినవారు లేరు. వెనక్కి తిరక్కుండానే "తిన్నాను" అనేశాను.

ఆవిడ నవ్వింది. తిరిగి చూస్తే, అరవై దాటిన మనిషి, నోటి దగ్గర ఫోను పట్టుకుని ఉంది.

"నిన్ను కాదమ్మా. ఫోన్లకి మన మాట నేర్పుతన్నాం. నాలాటోళ్లు శానామంది తలో మాటా ఇందులో రికార్డు సేసి ఇస్తన్నారు. మా మనవలకి బెంగాలీయే వచ్చు. ఈ ఫోనైనా మన మాట ఇనాల కదా!"

ఫోను నా చేతిలో పెట్టింది. "నువ్వూ ఒకటి సెప్పు."

రోజూ నన్ను పంపుతూ అమ్మ గుమ్మంలో అనే మాటే నోటికొచ్చింది. "జాగర్తగా ఎల్లి రా, అమ్మా." చివరి మాట ఏడుపులో కలిసిపోయింది.

"మళ్లీ సెప్పు. ఏడుపు కలిస్తే దానికి తెలీదు," అంటూ ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. మూడోసారికి సరిగా వచ్చింది.

ఆవిడ తన స్టాపులో దిగిపోయింది. నేను పేరైనా అడగలేదు.

ఆవిడ ఫోనులో చూసిన యాప్ నా ఫోనులోనూ పెట్టుకుని, ఇప్పుడు ఆదివారాలు నేనూ మాటలు ఇస్తున్నాను. అన్నీ అమ్మవే, ఆమె యాసలోనే. మొన్న కొత్తది ఒక్కటీ గుర్తు రాక, "జాగర్తగా ఎల్లి రా, అమ్మా" అనే మళ్లీ ఇచ్చాను.