గుల్ల మీద జాలి

కోడలు గెలిచిన ఆ తగువు కళ్లారా చూశాకే అత్తగారికి ఆమె మీద గురి కుదిరింది. తగువుకు వచ్చింది పరాయివాడు కాదు, అత్తగారి సొంత తమ్ముడు. పనిగట్టుకుని కోడలు పనిచేసే, సముద్రపు రాళ్లను పరీక్షలకు దాచే గోదాముకు వచ్చి, ఆమె బల్ల మీదున్న సున్నపురాయి ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. నడిసముద్రం అడుగును తొలిచి, గొట్టంలో పైకి లాగిన రాయి అది. రోకలిబండలా గుండ్రంగా ఉంది. ఒంటినిండా రాయైపోయిన నత్తగుల్లలు.

"అద్దాల బీరువాలో పెట్టుకుంటానమ్మాయ్, సోకుగా ఉంటుంది."

"ఉన్నచోట పెట్టేయండి బాబాయిగారూ."

"అంత సముద్రంలో ఒక్క ముక్క తగ్గితే కొంప మునుగుతుందా?"

"సముద్రానికేం కాదు. ఇది పోతే పైముక్కకీ కిందిముక్కకీ పొంతన పోతుంది. మీ బీరువా సోకు కోసం ఇంత లోతు మళ్లీ ఎవరు తవ్వుతారు?"

"నేను మీ అత్తకు తమ్ముణ్ణి!"

"అందుకే ఇంకా నెమ్మదిగా చెప్తున్నా."

ఆయన అక్క వైపు చూశాడు. అక్క గోదాము పైకప్పు వైపు చూసింది. రాయి బల్ల మీదికి వచ్చింది, తమ్ముడు మూతి ముడుచుకుని బయటికి పోయాడు.

కోడలి పుట్టింటివాళ్లు ఇళ్లకు నేలపలకలు కోసేవాళ్లు. రంపం మోత మారితే రాయిలో పగులుందని ఆమె చెవికి ముందే తెలిసిపోతుంది. పనిలో పడితే తిండి ధ్యాస ఉండదు. అందుకే అత్తగారు రోజూ అన్నం డబ్బా పట్టుకొచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. అలా కూర్చునే ఆ పనిలోని మర్మం తెలుసుకుంది. ప్రతి రాయికీ నిలువునా గీత గీసి రెండుగా చీలుస్తారు. ఒకటి పనిసగం, దాన్ని అరగదీసి పరీక్షలు చేస్తారు. రెండోది దాపుసగం, ముందుముందు అవసరానికి దాచి ఉంచేది, దాని మీద ఈగ వాలడానికి కూడా వీల్లేదు. లోపల ఏమున్నా రెండిటికీ సమానంగా పడేలా గీత గీయాలి. అత్తగారు బడిలో కూర్చున్నది తక్కువే గానీ, ఇద్దరు కొడుకులకు ఒకే పండు కోసిన చెయ్యి ఆమెది. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా?

కోడలికి ఎప్పటినుంచో ఒకటే ఆశ, సముద్రం అడుగు నుంచి ఈ రాళ్లు తవ్వితెచ్చే ఓడ మీదే రంపం దగ్గర నిలబడాలని. ఈసారి వెళ్లే ఓడలో ఆ చోటు నీకేనని గోదాము పెద్దాయన మాటిచ్చాడు. సరిగ్గా ఆ వారంలోనే ఆమె చెయ్యి తప్పింది.

ఒక ముక్కలో చెక్కుచెదరని గుల్ల ఒకటి, మెలికలు మెలికలుగా, అంచు కనబడుతోంది. దాన్ని రంపానికి అప్పగించడానికి కోడలికి మనసొప్పలేదు. గీత కాస్త పక్కకు జరిపింది. రాయి రెండుగా విడిపోయింది. గుల్ల గుల్లంతా దాపుసగంలో ఉండిపోయింది. పనిసగానికి దక్కింది ఉత్త గుంట. ఆ రాయి వయసు తేల్చేది ఆ గుల్లే.

పక్కబల్ల అన్నయ్య గొంతు తగ్గించాడు. "సగాల మీద ఇంకా పేర్లు రాయలేదుగా చెల్లెమ్మా. ఇటుది అటు మార్చెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"మారిస్తే పైముక్కతో అతుకు కలవదు. ఇవాళ తెలియకపోయినా ఎప్పుడో ఒకడు తల బద్దలు కొట్టుకుంటాడు."

"ఓడ పోతుందే పిచ్చిమొహమా!"

"పోనీ."

రెండు సగాలూ పళ్లెంలో పెట్టుకుని, తలెత్తుకునే పెద్దాయన గదిలోకి వెళ్లింది. అత్తగారు డబ్బా ఒళ్లో పెట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చుంది. లోపల కేకలేమీ వినబడలేదు. కోడలు వెళ్లినంత నిటారుగానే బయటికొచ్చింది.

"ఏమన్నాడు?"

"దాపుసగం ముట్టుకోవాలంటే పైవాళ్ల అనుమతి రావాలట. అడుగుతామన్నారు. ఈసారి ఓడకు ఇంకొకరు వెళ్తారు."

అత్తగారు డబ్బా ఠంగుమని బల్ల మీద పెట్టి లేచింది. "గుల్ల మీద జాలిపడితే శిక్షా? ఉండు, ఆయనకు నాలుగు మాటలు వడ్డించి వస్తా."

"ఆయనన్నది న్యాయమే అత్తయ్యా. జాలిపడాల్సింది గుల్ల మీద కాదు, గీత మీద. వచ్చే ఓడకు రంపం నాదే, ఆ మాట ఆయన నోటే అనిపించుకుని వచ్చా." కోడలు డబ్బా మూత తీసి అన్నం కలిపింది. "మీరు నాకో పని చేసిపెట్టాలి. ఇంటికెళ్లి, పెట్టెలో సర్దిన నా చలికోట్లు తీసి ఎండలో ఆరెయ్యండి. ముక్కిపోయిన వాసన పడితే వచ్చే ఓడలో వేసుకోలేను."