ఇటాలియన్ల తిరునాళ్లలో మా వియ్యపురాలు

ఇలా నా పక్కకి జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకున్నా ఏమీ అనుకోను. మా వియ్యపురాలు అమెరికాలో తిండికి ఎలా లొంగిందో చెబుతాను.

ఫోన్ కార్డు గీకి ఊరికి మాట్లాడుకునే రోజులవి. మా అమ్మాయి పురిటికని వాళ్లుండే పిస్కాటవే ఊరు వెళ్లాను. వీసా మీద నేనుండే ఆరు నెలలూ నిండొచ్చాయి. మూడు నెలల మనవణ్ణి చూసుకోవడానికి అల్లుడి తల్లి దిగింది. ఆవిడ ఉంటేనే అమ్మాయి ఆఫీసుకి వెళ్లగలదు, లేదంటే పసివాణ్ణి డేకేర్‌లో వదలాలి. ఆవిడేమో వచ్చిన నాటి నుంచీ పాలూ అరటిపళ్లూ తప్ప ముట్టదు. అప్పుడే దింపిన నా పప్పులో కూడా ఫ్రిజ్ వాసన వస్తోందట. పదో రోజున కొడుకుని పిలిచి టికెట్ ముందుకి జరిపించమంది. నా గుండెల్లో రాయి పడింది.

ఆ ఆదివారం అల్లుడు అందరినీ కార్ ఎక్కించి, పక్క ఊళ్లో ఇటాలియన్ల చర్చి తిరునాళ్లకి తీసుకెళ్లాడు. బ్యాండు మేళం, తోరణాలు, భుజాల మీద ఊరేగి వచ్చి పందిరి కింద దిగిన సెయింటుగారి విగ్రహం, అంతా మన జాతరే. ఒక కొట్లో ఇద్దరు ముసలమ్మలు పిండి ముద్దలు నూనెలో వదిలి, పొంగినవి తీసి, కాగితం సంచిలో పంచదార పొడితో కలిపి ఆడించి ఇస్తున్నారు. జెపోలీ అంటారట. గుడ్డు కలిపారా అని అమ్మాయి అడిగింది. లేదన్నారు.

సంచి చాపాను.

"నాకొద్దు వదినగారూ, ఎవరి చేతివో ఏమో," అంది వియ్యపురాలు. కళ్లు మాత్రం మూకుడు మీదే ఉన్నాయి. ఆకలి లేని మనిషి అలా చూడదు.

సంచి పట్టుకుని పందిరి కిందికి నడిచాను. సెయింటుగారి ముందు విప్పి పెట్టి, సీసాలో నీళ్లు చేతిలో పోసుకుని చుట్టూ తిప్పి, కళ్లు మూసుకుని నైవేద్యం పెట్టాను. కళ్లు తెరిచేసరికి పక్కన ఒక ఇటాలియన్ పెద్దావిడ, నన్ను చూసి తానూ శిలువ గుర్తు వేసుకుంటోంది.

తిరిగొచ్చి ఒకటి వియ్యపురాలి చేతిలో పెట్టాను. "ప్రసాదం వదినగారూ. పారేస్తే ఆ పాపం నాది కాదు."

నన్ను ఎగాదిగా చూసింది. "పొద్దున స్నానం చేశారా?"

"తలారా చేశాను."

కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. పంచదార పొడి ముక్కు మీద పడింది, చీర మీద పడింది, ఆవిడకి పట్టలేదు. నాలుగయ్యాక సంచి అడుగు తడిమి చూసింది. "పిండి ఇంకాస్త పులియాల్సింది," అని ఒక వంక పెట్టి, ఖాళీ సంచి నా చేతికిచ్చి, మెల్లగా అంది: "ఆయనకి ఇంకో సంచి చూపించి రండి."

మూడుసార్లు వెళ్లాను. మూడోసారి సెయింటుగారి మొహం చూడ్డానికి నాకే సిగ్గేసింది.

తిరిగి వస్తుంటే అల్లుడు కార్‌లో భయంభయంగా టికెట్ సంగతి ఎత్తాడు.

"దానికేం తొందర్రా. ముందు షాపుకి పోనీ, మైదా కొనాలి," అంది వాళ్లమ్మ.

వెనక సీట్లో అమ్మాయి నా చెయ్యి గట్టిగా నొక్కింది.

మీ ఇంట్లో పొయ్యి ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. మీ గడప తొక్కిన వియ్యాలవారు వద్దు వద్దంటూనే నాలుగు ముద్దలు ఎక్కువ తినాలి. మన దేవుడూ వాళ్ల సెయింటుగారూ కలిసి మీ పిల్లాపాపల్ని చల్లగా చూడాలి.