బోరు దగ్గర తొలి మాటలు

ఎండకు కాగిన ప్లాస్టిక్ పెట్టె మూత తీయగానే వచ్చే వాసన ముక్కుకు తగిలితే ఇప్పటికీ నాకు రమీజా మేడం గుర్తొస్తారు. ఉద్యోగంలో నా మొదటి పై అధికారి ఆమె. గుంతకల్లు రైల్వే కార్మికుడి కూతురు. అనంతపురం చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం కొలిచే, లినక్స్‌తో నడిచే చిన్న కంప్యూటర్ పెట్టెలు చెడిపోకుండా చూసుకోవడం మా పని.

తాడిపత్రి దారిలో ఒక ఎండిన బోరు దగ్గరి పెట్టె రోజూ మధ్యాహ్నం తనంతట తానే ఆరిపోయేది. మళ్లీ లేవబోయి, లేవలేక మధ్యలోనే ఆగేది. దాని చిన్న తెర మీద ఒక్క అక్షరమూ కనబడేది కాదు. కొత్తది పెట్టేద్దామన్నాను. "అది ఏం చెప్తాండాదో ఇనకుండానే మారుస్తావా అప్పా?" అన్నారు మేడం.

మేము వెళ్లేసరికి చేలో గాలి కూడా కదలడం లేదు. బోరు ఇనుప గొట్టానికి చెయ్యానించి రైతు నారాయణప్ప ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అంతకు ముందు వానాకాలంలో అతని తమ్ముడు అక్కడే కుప్పకూలి చనిపోయాడట. గుండె ఆగిందన్నారు. పెట్టెలో దీపం వెలిగి ఆరినప్పుడల్లా తమ్ముడే ఏదో చెప్పబోయి ఆగిపోతున్నాడని నారాయణప్ప నమ్మకం. నాకు నవ్వొచ్చింది. మేడం నవ్వలేదు.

తెర వెలగకముందే, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ పలికే తొలి మాటలు బయటికి వచ్చేలా ఆమె ఒక ఆదేశం చేర్చి, పెట్టెకూ తన ల్యాప్‌టాప్‌కూ సన్నని తీగ కలిపారు. పొలాలకు కరెంటు ఇచ్చే వేళయింది. పెట్టె ఆరిపోయి, మళ్లీ లేచింది. ల్యాప్‌టాప్‌లో తెల్లని అక్షరాలు గబగబా పాకి ఒకచోట నిలిచిపోయాయి. మళ్లీ మొదలు, మళ్లీ అక్కడే. ప్రతిసారీ బోరులోకి దించిన సెన్సరును పలకరించే వరుస దగ్గరే, ఎవరో గొంతు నొక్కినట్టు.

మేడం చాలాసేపు ఆ వరుసనే చూశారు. తర్వాత నారాయణప్ప వైపు తిరిగి, ఈ వేళకు గొట్టం ముట్టుకుంటే ఎట్లుంటుందని అడిగారు.

"జివ్వుమంటాదమ్మా. మా తమ్ముడు చెయ్యి పట్టుకున్నట్టే ఉంటాది."

మేడం గొంతు పెంచలేదు. "అన్నా, చెయ్యి తీసి మెల్లగా ఈ పక్కకు రా."

గొట్టానికి టెస్టరు ఆనించగానే వెలిగింది. బోరులో వదిలేసిన పాత మోటారు వైరు ఒలిచిపోయి, లైను వచ్చినప్పుడల్లా కరెంటు గొట్టంలోకీ, సెన్సరు తీగలోకీ పాకుతోంది. తూర్పున మబ్బు పడుతోంది. ఆ నేల ఒక్కసారి తడిస్తే ఏమయ్యేదో ముగ్గురికీ అర్థమైంది. తమ్ముడు ఎట్లా పోయాడో కూడా.

లైన్‌మన్ వచ్చి వైరు తెంపి వెళ్లాక నారాయణప్ప అడిగాడు. "వాడేనామ్మా చెప్పింది?"

"తెల్దన్నా," అన్నారు మేడం. "యాడ ఆగిందో అంతే చూసినా."

ఆమె పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఏ పెట్టె మూగబోయినా ముందు అందరినీ గొట్టానికి దూరంగా నిలబెట్టి, ఆ తర్వాతే తీగ కలుపుతాను. మొదటి అక్షరం వచ్చేలోపు ఆ కాసేపూ మెడ వెనుక చల్లబడుతుంది. నేను ఎదురుచూసేది యంత్రం మాట కోసమేనా అన్నది ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను.