ఐదు కొమ్ములు

ఎండిన మొక్కల్ని దళసరి అట్టల మీద సూదీ దారంతో కుట్టడం ఆవిడ పని. ముప్ఫయ్యేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. ఆ మొక్కల పరిశోధన ఆఫీసులో అందరికీ ఆవిడ సూదక్క. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

అక్కడే జీపు నడిపేవాడు ఆవిడ తమ్ముడు. సార్లు మొక్కలు ఏరుతుంటే హాయిగా కునుకు తియ్యొచ్చు కదా, తీసేవాడా? వాళ్లకంటే ముందే కొండెక్కేవాడు. ఒకసారి రాళ్ల సందులోంచి జానెడు మొక్కని వేరుతో సహా తెచ్చాడు. తుంచితే పాలు కారాయి. ఆకులు జంటలుగా, ఎదురెదురుగా ఉన్నాయి. జిల్లేడుకి చిన్న చెల్లెలన్నమాట. దానికి వాడిపోయిన పువ్వొకటి వేలాడుతోంది.

"పువ్వు మధ్యలో ఐదు దొప్పలున్నాయి చూడక్కా. మామూలు రకానికి ఒక్కో దొప్పలో ఒక్కో కొమ్ముంటుంది. దీనికి లేదు. ఇది కొత్తది!"

పెద్దసారు నవ్వేశారు. "వాడిన పువ్వుతో ఏం తేలుతుందోయ్? తాజాది తీసుకురా, చూద్దాం."

తమ్ముడు దాన్ని డబ్బాలో నాటాడు. అది పూయకముందే జ్వరం వాణ్ని ఎత్తుకుపోయింది. ఆస్పత్రి మంచం మీద కూడా "నీళ్లు పోశావా అక్కా?" అనే అడిగాడు. తన సంగతి ఒక్క మాట ఎత్తలేదు.

రెండేళ్లకు పూసింది. ఒకే ఒక్క పువ్వు. కొయ్యడానికి సూదక్కకి ప్రాణం ఒప్పలేదు. కొయ్యకపోతే పేరు తేలదు. చివరికి మనసు రాయి చేసుకుని, రెమ్మతో సహా కోసి తెచ్చి భూతద్దం కింద పెట్టింది.

పుప్పొడి పొడిగా లేదు, రెండేసి పసుపు మైనపు ముద్దలుగా ఉంది. సరే, అది జిల్లేడు కుటుంబమంతటికీ ఉండేదే. దొప్పల్లోకి చూసింది. ఒక్కోదాంట్లో సన్నటి కొమ్ము, లోపలికి వంగి. ఐదింటికి ఐదూ ఉన్నాయి. వాడు చూసిన పువ్వులో అవి ఎండి రాలిపోయి ఉంటాయి. వెర్రి నాయన!

పెద్దసారు ఇంకా రాలేదు. చేతిలో సూది ఉంది. ఐదు పోట్లతో కొమ్ములు రాల్చేస్తే చాలు, ఇది కొత్త మొక్కయిపోతుంది, దానికి తమ్ముడి పేరు నిలిచిపోతుంది. సూది మొదటి కొమ్ముదాకా వెళ్లింది. ముప్ఫయ్యేళ్లలో ఆవిడ ఏ మొక్కకీ లేని ఆకు అతికించలేదు, ఉన్న ఆకు విరిచెయ్యలేదు. సూది కింద పెట్టి బావురుమంది.

సార్ వచ్చి చూశారు. "మామూలుదేనమ్మా" అన్నారు, ఆవిడ మొహం చూడలేక.

"తెలుసు సార్. సేకరించినవారు అన్నచోట మాత్రం వాడి పేరు రాయండి. ఎన్ని మొక్కలు తెచ్చాడో! ఒక్క అట్ట మీదా డ్రైవరు పేరు లేదు."

సార్ తలొంచుకుని రాశారు. వారం తర్వాత, ఎండిన రెమ్మని కుట్టి, అదే రకం అట్టల కట్టలో అడుగున పెట్టింది సూదక్క.

ఇంటికొచ్చి, మోడుగా మిగిలిన డబ్బా మొక్కకి నీళ్లు పోసింది. "పోశాన్రా" అంది పైకే.