కళ్ళజోడు ఒక్కసారి ఇవ్వండి

మా బాబాయ్‌కి ఎదుటివాళ్ళ ముఖం మీద కళ్ళజోడు కనపడితే చెయ్యి ఊరుకోదు. పలకరింపైనా పూర్తికాకుండానే "ఒక్కసారి ఇవ్వండి" అంటాడు. ఇవ్వండి అనేది మర్యాదకే. ఆ మాట పూర్తయ్యేసరికి కళ్ళజోడు ఆయన చేతిలో ఉంటుంది. కాడ లోపలివైపు ఉన్న సన్నటి అక్షరాలు చదువుతాడు, వేళ్ళతో వెడల్పు కొలుస్తాడు, తన ముఖానికి పెట్టుకుంటాడు. అక్కడితో ఆగితే ఏదో చాదస్తంలే అని సరిపెట్టుకునేవాళ్ళం. చేతిసంచీలోంచి అరచెయ్యంత అద్దాలున్న ఇంకో జత తీసి, ఆ కళ్ళజోడు మీదే తగిలించుకుని, తల అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి "అబ్బే!" అని తిరిగిచ్చేస్తాడు. ఈలోగా ఆ కళ్ళజోడు గలాయన గోడ పట్టుకుని నిలబడి ఉంటాడు.

దాంతో మా వీధిలో కళ్ళజోళ్ళవాళ్ళు మా ఇంటి దగ్గరికి రాగానే తీసి జేబులో దాచుకోవడం మొదలుపెట్టారు. ఆ చూపులేని నడకలో మా గేటుని గుద్దుకున్నవాళ్ళు కొందరు, మనిషనుకుని గేటునే పలకరించినవాళ్ళు కొందరు.

ఇదంతా బాబాయ్ లేజర్ యంత్రం కొన్నాక వచ్చిన జబ్బు. అంతకుముందు ఆయన బళ్ళో డ్రాయింగ్ మాస్టారు. పిల్లలు రంగు పేరు సరిగ్గా చెప్పకపోతే ఊరుకునేవాడు కాదు. ముఖ్యంగా "పచ్చ" అంటే ఆయనకి ఒళ్ళుమంట. "ఏ పచ్చరా? ఆకుపచ్చా, పసుపుపచ్చా? సగం మాటకి సగం మార్కులే!" అనేవాడు. అన్నట్టే వేసేవాడు కూడా. రిటైరయ్యాక కుంచె పక్కనపెట్టి, చెక్క మీద కాంతితో బొమ్మలు కాల్చే యంత్రం తెప్పించుకున్నాడు. దానికి గోడలూ మూతా ఏమీ లేవు, నాలుగు కడ్డీల మధ్య వేలాడే నల్లటి డబ్బా, అంతే. అందులోంచి వచ్చే నీలం కాంతి చెక్కని నల్లగా మాడ్చేస్తుంది. అది తిన్నగా కంట్లో పడనక్కర్లేదు. ఏ మేకు తలకో తగిలి ఎగిరొచ్చినా రెప్ప వేసేలోపు కన్ను పోతుంది.

మా ఇంట్లో పోగొట్టుకోవడానికి కళ్ళేమీ ఎక్కువ లేవు. పిన్నికి ఉన్నది ఒక్క కన్నే. చిన్నప్పుడు దెబ్బ తగిలి ఎడమది పోయింది. కుడిదానికి సీసా అడుగంత మందం అద్దం. ఆ ఒక్క కంటితోనే మిషన్ కుడుతుంది, సూదిలో దారం ఎక్కిస్తుంది, బాబాయ్ అబద్ధాలు పట్టుకుంటుంది. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన ఏ బొమ్మ మొదలుపెట్టినా మొదటి గీత దగ్గర పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. యంత్రం వచ్చిన రోజున కూడా కుర్చీ తెచ్చుకుంది.

"నీకు కుదరదు," అన్నాడు బాబాయ్.

అంతే. ఇంకో ముక్క చెప్పలేదు. వెనకగది కిటికీకి అట్టలు కొట్టాడు, తలుపు సందులకి నల్లగుడ్డ కుక్కాడు, లోపల గెడ పెట్టాడు. పిన్ని కుర్చీ వెనక్కి తీసుకెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ ఆయనతో సూటిగా మాట్లాడటం మానేసింది. పై అంతస్తులో ఉండే నేను మధ్యవర్తినయ్యాను.

"అమ్మడూ, మీ బాబాయ్‌ని భోజనానికి రమ్మను."

"ఎదురుగానే ఉన్నాడు కదా పిన్నీ."

"నాకు ఉన్నది ఒక్క కన్ను. దానికి అందరూ కనపడాలని ఎక్కడుంది?"

బాబాయ్ తలొంచుకుని తినేవాడు. ఆయనకి కోపం వస్తే బాగుండేది. కోపం రాకపోవడమే నాకు భయంగా ఉండేది.

యంత్రంతో పాటు ఆకుపచ్చ కళ్ళద్దాలు ఒక జత ఊరికే ఇచ్చారు. బాబాయ్ వాటిని బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. "అంకె ఏది?" అన్నాడు. కాడ మీద అంకె ఉంది గానీ అది ఎర్రకాంతిది. నీలానికి అడ్డం పడతామని ఎక్కడా రాయలేదు. ఆయన వాటిని చెప్పుల స్టాండు కిందకి గిరాటేశాడు. నా డెంటల్ క్లినిక్‌కి చెక్క బోర్డు చేసిస్తానని మాటిచ్చి ఉన్నాడు కాబట్టి, ఇక నా తిప్పలు మొదలయ్యాయి. కళ్ళద్దాలు కుదిరితే గానీ యంత్రం కదలదు, యంత్రం కదిలితే గానీ నా బోర్డు రాదు. క్లినిక్ తలుపుకి కాగితం అంటించి పళ్ళు పీకుతున్నాను.

ఫ్యాక్టరీవాళ్ళకి హెల్మెట్లూ గ్లవ్స్‌లూ అమ్మే షాపుకి నన్ను తోడు తీసుకెళ్ళాడు.

"ఏ రంగు కావాలి సార్?" అన్నాడు షాపతను.

"రంగు అడక్కు. రంగు చూసి మోసపోకూడదు. నాలుగు వందల యాభై కావాలి."

"నాలుగు వందల యాభై గ్రాములా? అంత బరువైతే ముక్కు మీద నిలవదు సార్."

"గ్రాములు కాదయ్యా! కాంతి కొలత. నానోమీటర్లు. కాడ మీద ఆ అంకె ఉండాలి, పక్కన ఓడీ ఆరు అని ఉండాలి. అంటే పది లక్షల వంతుల్లో ఒక్క వంతు కాంతే లోపలికి రావాలి."

షాపతను లోపలికెళ్ళి ఒక జత తెచ్చాడు. బాబాయ్ అంకె మీద గోరుతో గీకాడు. అంకె ఊడి ఆయన గోటికి అంటుకుంది. షాపతను పైకప్పు కేసి చూశాడు. ఇంకో జత తెచ్చాడు, దాని మీద అంకె చెక్కి ఉంది. బాబాయ్ ముఖం వెలిగింది. పెట్టుకున్నాడు, సరిపోయింది. హమ్మయ్య, నా బోర్డు వచ్చేసినట్టే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన షాపతని ముఖంలోకి తేరిపార చూశాడు. షాపతనికి కళ్ళజోడుంది.

"ఒక్కసారి ఇవ్వండి."

జబ్బు అంటుకున్నది అక్కడే. షాపతని కళ్ళజోడు పెట్టుకుని దాని మీద కొత్తది తగిలించాడు. పక్కన సందు కనపడింది. "అబ్బే!" అన్నాడు. సరిపోయినదాన్ని కొని సంచీలో వేసుకుని, "ఇంకా పెద్దది తెప్పించు," అని చెప్పి వచ్చేశాడు.

ఆ తర్వాత అతను పెద్దవి తెప్పిస్తూనే ఉన్నాడు, బాబాయ్ పెదవి విరుస్తూనే ఉన్నాడు. బ్యాంకులో కౌంటర్‌కి అడ్డంగా ఉన్న అద్దం కిందనుంచి చెయ్యి పెట్టి అక్కడి ఆవిడ కళ్ళజోడు లాగబోతే సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు. షాపు నుంచి వస్తూ నేనూ ఆయనతో ఆగిన సెలూన్లో జరిగింది మాత్రం తల్చుకుంటే ఇప్పటికీ నా మెడ జలదరిస్తుంది. బాబాయ్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. గొంతు మీద నురగ, నురగ మీద కత్తి. సెలూనాయన కళ్ళజోడు పిన్నిదంత మందం. కత్తి గొంతు మీద ఉండగానే బాబాయ్ చెయ్యి పైకి లేచింది.

"ఒక్కసారి ఇవ్వండి."

"కదలకండి మాస్టారూ!" అని అరిచాడు సెలూనాయన. "నాకేమీ కనపడటం లేదు. కత్తి ఎక్కడుందో మీరే చెప్పండి."

"నా గొంతు మీదే ఉంది. మీరలాగే ఉండండి, నేను కొలుచుకుంటాను."

బెంచీ మీద మేమందరం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. బాబాయ్ మాత్రం తల కదపకుండా అద్దంలో చూసుకుంటూ కొలుచుకున్నాడు. "అబ్బే!" అన్నాక కళ్ళజోడు తిరిగి ఇచ్చాడు. అప్పటిదాకా ఆ కత్తి గాల్లో కట్టేసినట్టు ఆగి ఉంది.

నేను ఇంటికొచ్చి పిన్నికి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. "కళ్ళద్దాలు ఒక వంక అమ్మడూ," అంది, కుడుతున్న చొక్కా మీద నుంచి తల ఎత్తకుండా. "నన్ను రానివ్వకుండా మొదలుపెట్టడానికి మనసు రాదు, ఈ ఒంటికన్నుదాన్ని లోపలికి రానివ్వడానికీ మనసు రాదు. అలా నాన్చుతూ ఉంటారు."

ఆవిడ చెప్పింది నిజమేనని నేనూ నమ్మాను.

ఒక మధ్యాహ్నం బాబాయ్ ఈల వేసుకుంటూ వచ్చాడు. కొత్తగా వచ్చిన జతతో షాపు, బ్యాంకు, సెలూన్ అన్నిచోట్లా మళ్ళీ ఆగాడట. ఈసారి "అబ్బే" అనలేదని సెలూనాయనే నాకు ఫోన్ చేసి చెప్పాడు. "ఈసారి కత్తి కింద పెట్టాకే ఇచ్చానమ్మా," అని కూడా అన్నాడు. నేను బోర్డు కోసం గబగబా కిందకి దిగాను. అప్పటికే బాబాయ్ వెనకగదిలో దూరాడు. లోపల ఫ్యాన్ రొద, యంత్రం కూత. ముడి చెక్క కాలిన వాసన తలుపు కింద నుంచి వస్తోంది. ఏదో పనికిరాని ముక్క మీద సరిచూస్తున్నట్టున్నాడు, కొన్న ఇన్ని నెలలకి మొదటిసారి యంత్రం నడుస్తోంది. పిన్ని కూడా చొక్కా వదిలేసి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. రానంటూనే వచ్చింది.

లోపల గెడ తీసిన చప్పుడైంది.

"ఏమోయ్!" బాబాయ్ కేక. ఆయన పిన్నిని నేరుగా పిలిచి ఎన్నాళ్ళయిందో. "బయట మేకుకి తగిలించాను చూడు! పచ్చవి పెట్టుకుని లోపలికి రా!"

పిన్ని ముఖం ఎర్రబడింది. కొంగుతో చేతులు తుడుచుకుని మేకు దగ్గరికి వెళ్ళింది. అక్కడ రెండు జతలున్నాయి. చెప్పుల స్టాండు కింద దుమ్ములో పడి ఉన్నవాటిని ఆవిడే పొద్దున ఊడుస్తూ తీసి, శుభ్రంగా తుడిచి, ఆ మేకుకే తగిలించింది. ఆకుపచ్చవి. హడావిడిలో బాబాయ్ తగిలించినవి వాటి వెనక్కి జారి ఉన్నాయి. పసుపుపచ్చవి.

ఆవిడ చేతికి ముందున్నవి దొరికాయి. పచ్చవే కదా.

పెట్టుకుంది, పట్టలేదు. కళ్ళజోడు కాడలు అడ్డం వచ్చాయి. ఒక చెయ్యి తలుపు మీద వేసి, రెండో చేత్తో వాటిని ముఖానికి అదిమి పట్టుకుంది.

"ఇవి నా కళ్ళజోడు మీద కూర్చోవడం లేదండీ!" అని అరిచింది. "కళ్ళజోడు తీసేసి వచ్చేయనా?"

ఫ్యాన్ రొదలో ఆయనకి వినపడిందో లేదో. తలుపు వేలెడంత తెరుచుకుంది. ఆ సందులోంచి నీలం గీత ఒకటి బయటికొచ్చి పక్క గోడ మీద పడింది, అక్కడే మిణుకు మిణుకుమంటోంది. మేకుకి పసుపుపచ్చ జత ఇంకా ఊగుతోంది. అప్పుడు వెలిగింది నాకు. "పిన్నీ!" అన్నాను. చెయ్యి చాచాను, ఆవిడ భుజం అందలేదు.

"ఆగు!!" లోపలి నుంచి బాబాయ్ అరుపు.

లోపల ఏదో దభీమని పడింది. యంత్రం కూత తెగిపోయింది. గోడ మీద నీలం గీత ఆరిపోయింది. ఫ్యాన్ ఒక్కటే తిరుగుతోంది.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. బాబాయ్ స్టూలు మీద నుంచి పడి, ఒక చేత్తో ఆపే బటన్ నొక్కిపట్టి, నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా చెక్క పొడి. పాకుతూ లేచి వచ్చి పిన్ని ముఖం రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కనపడుతోందా? నేను కనపడుతున్నానా?"

"కనపడుతున్నారు. ముక్కు మీద మసి ఉంది."

గుమ్మంలోనే కూలబడ్డాడు. భయం దిగి కోపం ఎక్కింది. "కూర్చోకపోవడం ఏమిటి? ఎలా కూర్చోవు? బ్యాంకావిడకి కూర్చుంది! షాపతనికి కూర్చుంది! నీ అద్దమంత మందం ఉన్న సెలూనాయనకి గాలి దూరకుండా కూర్చుంది! ఎన్ని కళ్ళజోళ్ళ మీద పెట్టి చూశాను! అందుకే నువ్వు కూర్చోవడం లేదనగానే ప్రాణం పోయింది, ఇంకేవో పెట్టుకున్నావని!"

పిన్ని నా కేసి చూసింది. నేను పిన్ని కేసి చూశాను.

"అంటే..." అంది పిన్ని, "ఊళ్ళోవాళ్ళందరి కళ్ళజోళ్ళూ లాక్కున్నది నా కోసమా?"

"మరెవరి కోసం? నాది మొదటి రోజే షాపులో దొరికింది కదా."

"నాతో ఒక్క మాట అంటే ఏం పోయింది? నా కళ్ళజోడే ఇచ్చేదాన్ని."

"అంటే నువ్వేమంటావో నాకు తెలీదా? 'నా కోసం ఎందుకండీ ఇదంతా, మీరు కానివ్వండి, అయ్యాక చూస్తాలెండి' అంటావు. నువ్వు అయ్యాక చూడటం నాకిష్టం లేదు."

పిన్ని నిజంగా అలాగే అనేదని ముగ్గురికీ తెలుసు. ఆకుపచ్చవి తీసి నా చేతిలో పెట్టింది. మేకు మీద పసుపుపచ్చవి అందుకుని తన కళ్ళజోడు మీద తగిలించుకుంది. చక్కగా కూర్చున్నాయి. హాల్లో నీలం కర్టెన్ కేసి తిరిగి చూసింది.

"ఇదేమిటి, కర్టెన్ నల్లబడిపోయింది!"

"అదీ!" అన్నాడు బాబాయ్, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. "నీలం లోపలికి రావడం లేదన్నమాట."

"అది సరే. మేకుకి రెండు పచ్చలుంటే ఏ పచ్చో చెప్పకుండా పచ్చ అన్నారు. సగం మాట. ఎన్ని మార్కులు వెయ్యమంటారు మాస్టారూ?"

జీవితమంతా పిల్లలకి మార్కులు వేసిన మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సగమే," అన్నాడు.

పిన్ని లోపలికి కుర్చీ తెచ్చుకుంది. బాబాయ్ యంత్రం దగ్గరికెళ్ళి స్విచ్ మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆవిడ మధ్యలో ఆపింది. ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మీది ఒక్కసారి ఇవ్వండి," అంది. ఆ మాట పూర్తయ్యేసరికే ఆయన కళ్ళద్దాలు ఆవిడ చేతిలో ఉన్నాయి. కాడని తన ఒక్క కంటికి దగ్గరగా పెట్టుకుని అంకె చదివింది. గోరుతో గీకి చూసింది. ఊడలేదు. తిరిగి ఆయన ముక్కు మీద తనే పెట్టి, చెవుల వెనక సర్దింది.

"సరే. ఇప్పుడు నొక్కండి."

నాకు మూడో జత లేదు కాబట్టి నన్ను బయటికి తోసి గెడ పెట్టుకున్నారు. లోపల నుంచి చాలాసేపు ఫ్యాన్ రొద, మధ్యమధ్యలో ఇద్దరి నవ్వూ వినపడ్డాయి. తలుపు తీశాక బాబాయ్ నాకు మొదటి చెక్క చూపించాడు. నా బోర్డే అనుకుని ఆశగా అందుకున్నాను. బొటనవేలంత ముక్క. దాని మీద "450" అని నల్లగా, అందంగా కాలి ఉంది. పిన్ని దాన్ని తీసుకెళ్ళి ఆ మేకు పక్కన కొట్టింది. ఆకుపచ్చ జతని బాబాయ్ సుత్తితో చితక్కొట్టి చెత్తబుట్టలో వేశాడు.

నా క్లినిక్ తలుపుకి మాత్రం ఇంకా కాగితమే ఉంది. అడిగితే, నాకు సరిపడే కళ్ళద్దాలు వెతుకుతున్నాడట.